స్థిరత్వమా, సౌలభ్యమా? డెబియన్, ఉబుంటుల చుట్టూ ఒక సంవాదం

స్థిరత్వవాది: లినక్స్ అన్న పేరు నిజానికి కెర్నల్‌ది, అంటే యంత్రంలోని ప్రాసెసరు, మెమరీ, డిస్కులకూ వాటిపై నడిచే ప్రోగ్రాములకూ నడుమ నిలిచే కేంద్రభాగానిది, దానికి వేలాది ప్రోగ్రాములను జతచేసి, అవి ఒకదానితో ఒకటి పొసగేలా కూర్చి అందించే సంపూర్ణ రూపాన్ని డిస్ట్రిబ్యూషన్ అనీ, వాడుకలో డిస్ట్రో అనీ అంటారు. డిస్ట్రోను ఎంచుకునేటప్పుడు మొట్టమొదట చూడవలసినది స్థిరత్వం. ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో ప్రకటించిన డెబియన్‌లో ప్రతి ప్యాకేజీ, అంటే ఇన్‌స్టాల్ చేయడానికి వీలుగా కట్టిన ప్రతి ప్రోగ్రామూ, మొదట ‘అన్‌స్టేబుల్’ అనే విభాగంలో అడుగుపెడుతుంది, అక్కడ సాధారణంగా రెండు నుంచి పది రోజులు గడిచి, విడుదలను ఆపదగినంత తీవ్రమైన కొత్త బగ్గులేవీ బయటపడకపోతే ‘టెస్టింగ్’కు చేరుతుంది, సుమారు రెండేళ్లకొకసారి ఆ టెస్టింగ్ విభాగంలోకి కొత్త వెర్షన్ల రాకను నెలల తరబడి నిలిపివేసి, దోషాలను మాత్రమే సరిదిద్ది, ‘స్టేబుల్’గా విడుదల చేస్తారు. 2023 జూన్ 10న వెలువడిన డెబియన్ 12 కోసం ఈ నిలుపుదల జనవరిలోనే మొదలైంది. విడుదల తరువాత అందులోని 64 వేలకు పైగా ప్యాకేజీల వెర్షన్లు దాదాపుగా కదలవు. భద్రతాలోపం బయటపడితే కొత్త వెర్షన్‌ను తేకుండా, అందులోని సవరణను మాత్రమే విడదీసి పాత వెర్షన్‌లో అమరుస్తారు, దీనికే బ్యాక్‌పోర్టింగ్ అని పేరు. యంత్రం కుప్పకూలకపోవడం స్థిరత్వంలో సగమే. నిన్న నడిచిన పని రేపు కూడా అదే తీరున నడుస్తుందన్న భరోసా మిగతా సగం. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ల్యాప్‌టాప్‌లను విండోస్ ఎక్స్‌పీ నుంచి డెబియన్‌కు మార్చనున్నట్టు 2013 మేలో వెల్లడైనప్పుడు డెబియన్ 7 అప్పటికే విడుదలైంది. అయినా అక్కడికి ఎంచుకున్నది రెండేళ్లుగా వాడుకలో నలిగిన డెబియన్ 6.

సౌలభ్యవాది: ఆ భరోసాకు విలువ లేదని ఎవరూ అనరు, దానికి మూల్యం చెల్లిస్తున్నది ఎవరన్నదే ప్రశ్న. డెబియన్ 3.0 వెలువడినది 2002 జులైలో, దాని తరువాతి 3.1 వెలువడినది 2005 జూన్‌లో. నడుమ గడిచిన దాదాపు మూడేళ్లలో మార్కెట్టులోకి వచ్చిన యంత్రాలనూ చిప్‌లనూ స్టేబుల్‌లోని పాత కెర్నల్ గుర్తించలేని సందర్భాలు పెరుగుతూ పోయాయి, ఇల్లూ కార్యాలయమూ అన్న తేడా లేకుండా అందరూ నిరీక్షించారు. స్వయంగా డెబియన్ డెవలపర్‌గా పనిచేసిన మార్క్ షటిల్‌వర్త్ 2004 అక్టోబరులో ఉబుంటును తెచ్చినది ఈ విరామంలోనే. ఆరు నెలలకొక విడుదల, ఒకే సీడీలో ఇమిడే వ్యవస్థ, ఒక పనికి ముందుగానే ఎంచిపెట్టిన ఒకే ప్రోగ్రాము, కోరినవారికి తపాలాలో ఉచితంగా చేరే సీడీ: వీటిలో సాంకేతికంగా అద్భుతమనదగినది ఏదీ లేదు, కానీ అంతవరకూ లినక్స్ వైపు చూడని లక్షలాది మందికి, బ్యాండ్‌విడ్త్ కరువైన దేశాలలోని విద్యార్థులతో సహా, ద్వారం తెరిచినవి అవే. స్థిరత్వం అప్పటికే లోపల ఉన్నవారికి దక్కే మేలు, లోపలికి రావడం అసలు సాధ్యమా అన్నది తేల్చేది సౌలభ్యం. అందువల్ల క్రమంలో రెండవదే ముందు వస్తుంది. 2006 నుంచి ఉబుంటు రెండేళ్లకొకటి చొప్పున ఎల్‌టీఎస్ విడుదలలను, అంటే దీర్ఘకాలం భద్రతా సవరణలు అందే విడుదలలను, కూడా ఇస్తున్నది కనుక, సౌలభ్యం కోరినవారు స్థిరత్వాన్ని వదులుకోవాలన్న వాదం అప్పుడే బలహీనపడింది.

స్థిరత్వవాది: ఉబుంటు తన ప్యాకేజీలలో అధికభాగాన్ని డెబియన్ అన్‌స్టేబుల్ నుంచే తెచ్చుకుంటుందన్న సంగతిని ఇక్కడ మరువరాదు, వేయి మంది స్వచ్ఛంద కార్యకర్తలు శ్రమించి కట్టిన పునాది లేకపోతే ఆ ఆరునెలల వేగం సాధ్యమయ్యేది కాదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. సౌలభ్యం ఎవరికన్నది తేల్చకుండా ఆ మాట వాడడం వల్ల కొత్తగా వచ్చేవారి సౌలభ్యం, అలవాటుపడినవారి సౌలభ్యాన్ని మింగివేస్తుంది. 2011లో ఉబుంటు తన డెస్క్‌టాప్‌ను, అంటే తెర మీద కనిపించే కిటికీలూ మెనూల అమరికను, యూనిటీ అనే కొత్త రూపానికి మార్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో గ్నోమ్ 3 కూడా పాత మెనూలనూ పట్టీలనూ తొలగించి వచ్చింది. ఈ రెండూ సులభతరమైన వాడుక పేరుతోనే జరిగాయి, రెండింటివల్లా ఏళ్లుగా చేతికి అలవడిన పనితీరును లెక్కలేనన్నిసార్లు వాడినవారే మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. గ్నోమ్ 2 రూపాన్ని బతికించుకోవడానికి మేట్ అనే శాఖ పుట్టడం, లినక్స్ మింట్ సినమన్ పేరుతో సొంత డెస్క్‌టాప్‌ను కట్టుకోవడం దీని ఫలితాలే. ఆరేళ్ల తరువాత, 2017లో, యూనిటీని విడిచి ఉబుంటు గ్నోమ్‌కు తిరిగి వెళ్లింది. అంటే ఆ దారిన నడిచిన వినియోగదారుడు రెండుసార్లు అలవాటు మార్చుకున్నాడు. ఆ ఆరేళ్లూ ఒకే డెస్క్‌టాప్‌ను మార్చకుండా వాడుకున్నవాడికి ఏం నష్టం జరిగిందో చెప్పడం కష్టం.

సౌలభ్యవాది: యూనిటీ విషయంలో ఆ విమర్శ న్యాయమైనదే, దానిని సమర్థించే ప్రయత్నం ఇక్కడ అనవసరం. అయితే తెర రూపం ఒక్కటే సౌలభ్యం కాదు, అందులో అది చిన్న భాగం. ఫర్మ్‌వేర్ సంగతి చూస్తే అసలు సమస్య తెలుస్తుంది. వైఫై చిప్, గ్రాఫిక్స్ కార్డు వంటి పరికరాలు పనిచేయడం మొదలుపెట్టాలంటే వాటిలోకి ఎక్కించవలసిన చిన్న ప్రోగ్రామును ఫర్మ్‌వేర్ అంటారు. దాని సోర్స్ కోడ్‌ను తయారీదారులు చాలాసార్లు బయటపెట్టరు కనుక, డెబియన్ తన అధికారిక ఇన్‌స్టాలరులో అటువంటి ఫర్మ్‌వేరుకు ఏళ్ల తరబడి చోటివ్వలేదు. ఫలితంగా కొత్త ల్యాప్‌టాప్ మీద డెబియన్ ఎక్కించబోయినవారికి ఇన్‌స్టాలేషన్ నడుమ వైఫై కనిపించేది కాదు, వైఫై లేనిదే కావలసిన ఫర్మ్‌వేర్ దిగుమతి అయ్యేది కాదు. ఫర్మ్‌వేర్ కలిపిన అనధికారిక ఇన్‌స్టాలర్ వేరే చోట ఉందన్నది ముందే తెలిసినవారికి మాత్రమే దారి దొరికేది. గడప దాటలేనివారికి లోపలి గోడల దృఢత్వాన్ని వర్ణించి ప్రయోజనం లేదు. చివరికి 2022లో డెబియన్ డెవలపర్లు ఓటింగు జరిపి ఆ విధానాన్ని మార్చుకున్నారు, డెబియన్ 12 ఇన్‌స్టాలరులో ఫర్మ్‌వేర్ చేరింది. ఆ మార్పువల్ల స్టేబుల్ ఏమాత్రం అస్థిరం కాలేదు. అటువంటప్పుడు అంతకాలం కొత్తవారిని బయట నిలబెట్టినది ఏ స్థిరత్వం కోసమో వివరించవలసిన భారం ఎదుటి పక్షానిదే.

స్థిరత్వవాది: అది స్థిరత్వం కోసం చేసినది కాదు, 1997 నాటి డెబియన్ సామాజిక ఒప్పందంలోని స్వేచ్ఛాసూత్రం కోసం చేసినది, ఆ సూత్రం సమంజసమా కాదా అన్నది వేరే చర్చ, కానీ ఆలస్యం జరిగిందన్న మాటను అంగీకరించక తప్పదు. ఇక స్థిరత్వం ఏం కాపాడుతుందన్నదానికి 2024 మార్చి నాటి ఎక్స్‌జెడ్ ఉదంతాన్ని మించిన సాక్ష్యం ఇటీవలి చరిత్రలో లేదు. ఎక్స్‌జెడ్ అన్నది ఫైళ్లను కుదించే సాధనం, దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉండేదే. దానిని దాదాపు ఒంటరిగా నడుపుతున్న నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ ఒక మారుపేరుతో వచ్చిన వ్యక్తి, రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి నమ్మకం సంపాదించి, విడుదల హక్కులు చేజిక్కించుకుని, 2024 ఫిబ్రవరిలో వెలువడిన 5.6.0 వెర్షన్‌లో ఒక దొంగదారిని దాచాడు. దూరం నుంచి సర్వర్లలోకి ప్రవేశించడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ సేవ ద్వారా, సరైన తాళంచెవి ఉన్నవాడు ఆ వెర్షన్ చేరిన యంత్రాలలో ఆజ్ఞలు నడిపించేందుకు ఏర్పరచిన మార్గమది. కొత్తది వచ్చిన వెంటనే అందించే డిస్ట్రోలలోకి, డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ విభాగాలతో సహా, అది వారాలలో ప్రవేశించింది, ఉబుంటు 24.04 సిద్ధమవుతున్న రోజులవి కనుక, ప్యాకేజీలను మళ్లీ నిర్మించడానికి దాని బీటా విడుదల ఒక వారం వాయిదా పడింది. డెబియన్ స్టేబుల్‌లో ఉన్నది మాత్రం 5.4.1. ప్రపంచంలోని సర్వర్లలో అత్యధికభాగాన్ని ఆ రోజు కాపాడినది ఎవరి తెలివితేటలో కాదు, కొత్త వెర్షన్ కోసం తొందరపడని ఒక నియమం.

సౌలభ్యవాది: ఆ ఉదంతాన్ని పూర్తిగా చెబితే దానికి రెండో ముఖం కనిపిస్తుంది. దొంగదారిని పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను అదనంగా పట్టడం ఆయన గమనించినది డెబియన్ అన్‌స్టేబుల్ నడుస్తున్న యంత్రం మీద. కొత్త వెర్షన్‌ను ముందుగా వాడే ధైర్యం ఎవరికీ లేకపోతే ఆ అర సెకను ఎవరి కంటా పడదు, ఆ వెర్షన్ రెండేళ్లు నిద్రపోయి తరువాతి స్టేబుల్‌లోకి నిక్షేపంగా చేరుతుంది. స్టేబుల్ వాడేవారి ప్రశాంతత, అన్‌స్టేబుల్ వాడేవారు తలకెత్తుకున్న ప్రమాదం మీద నిలిచి ఉన్నదని ఇది చెబుతున్నది. మరొక సూక్ష్మం కూడా ఉన్నది: ఎస్‌ఎస్‌హెచ్ సేవకూ ఎక్స్‌జెడ్‌కూ సహజంగా సంబంధం లేదు, డెబియన్, ఫెడోరా వంటి డిస్ట్రోలు ఎస్‌ఎస్‌హెచ్‌లో సొంతంగా చేసుకున్న మార్పు ఆ రెంటికీ లంకె కలిపింది. ఆర్చ్ లినక్స్ రోలింగ్ పద్ధతిది, అంటే విడుదలలన్నవే లేకుండా ప్రతిరోజూ కొత్త వెర్షన్లు అందించేది. దానిలోకి ఆ దొంగ వెర్షన్ వచ్చినా, మూల ప్రోగ్రామును మార్చకుండా అందించే అలవాటువల్ల ఈ లంకె లేక, దాడికి దారి దొరకలేదు.

డిస్ట్రో చేసే సొంత మార్పులు ఎంత ప్రమాదకరమో డెబియన్ చరిత్రలోనే అంతకంటే చేదు పాఠం ఉన్నది. 2006లో ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ అనే గూఢలిపి లైబ్రరీని పరీక్షిస్తున్నప్పుడు వాల్‌గ్రైండ్ అనే దోషశోధక సాధనం కొన్ని హెచ్చరికలు చూపింది, వాటిని తొలగించడానికి డెబియన్‌లో ఒక సవరణ చేశారు. ఆ సవరణ తాళంచెవుల తయారీకి కావలసిన యాదృచ్ఛికతను దాదాపు మొత్తం తుడిచివేసింది. 2008 మే 13న లోపం వెల్లడయ్యేదాకా ఆ వ్యవస్థలలో తయారైన ఒక్కో రకం తాళంచెవికి సాధ్యమయ్యే రూపాలు సుమారు 32 వేలే, వాటన్నింటినీ ఒక సాధారణ యంత్రం తయారుచేసి పెట్టుకోగలదు. 2007లో విడుదలైన స్టేబుల్ ఏడాదికి పైగా ఆ లోపాన్ని మోసింది. (పదహారేళ్ల తరువాత ఫ్రాయిండ్ అనుమానాన్ని బలపరచిన సూచనలలో వాల్‌గ్రైండ్ హెచ్చరికలు కూడా ఉండడం ఒక విచిత్రం, వాటిని ఈసారి నోరు మూయించకుండా విన్నారు.) నిలిపివేత మంచిని మాత్రమే నిలపదు, చెడును కూడా అంతే నిష్ఠగా నిలుపుతుంది.

స్థిరత్వవాది: 2008 ఉదంతానికి సమాధానం లేదు. బ్యాక్‌పోర్టింగ్ కూడా ఒక రకమైన సొంత మార్పే కనుక, ఆ ప్రమాదం ఈ పద్ధతి స్వభావంలోనే ఉన్నదని ఒప్పుకోవాలి. వెబ్ బ్రౌజరు విషయంలో ఆ పద్ధతి నిలవదని గ్రహించి, డెబియన్ స్టేబుల్ కూడా ఫైర్‌ఫాక్స్‌కు చెందిన దీర్ఘకాలిక మద్దతు వెర్షన్లను యథాతథంగా అందిస్తున్నది. అయితే తెలిసిన లోపాలతో జీవించడం, తెలియని లోపాలతో ప్రతి వారం కొత్తగా పరిచయం పెంచుకోవడం ఒకటి కావు. ఒక ఆసుపత్రిలోనో బ్యాంకులోనో సర్వరును చూసుకునే వ్యక్తి పాత వెర్షన్‌లోని వంకరలను ఒకసారి నేర్చుకుని, కాగితం మీద రాసిపెట్టుకుని, ఐదేళ్లు వాటి ప్రకారం నడుచుకోగలడు. రోజూ మారే వ్యవస్థలో ఆ కాగితానికి విలువ ఉండదు.

సౌలభ్యవాది: ఐదేళ్ల తరువాత ఆ వ్యక్తి ఏం చేస్తాడన్నది ఈ చిత్రంలో కనిపించడం లేదు. ఐదేళ్ల మార్పులన్నీ ఒకేరోజున వచ్చి మీద పడతాయి. గూగుల్ తన ఉద్యోగుల యంత్రాల కోసం ఎన్నో ఏళ్లు ఉబుంటు ఎల్‌టీఎస్ ఆధారంగా గూబుంటు అనే రూపాన్ని వాడుకున్నది; రెండేళ్లకొకసారి ఒక ఎల్‌టీఎస్ నుంచి మరొకదానికి యంత్రాలన్నింటినీ మార్చడానికి దాదాపు ఏడాది పట్టేది, ఆ పని ముగిసేసరికి తరువాతి మార్పు గుమ్మంలో నిలిచేది. చివరకు ఆ సంస్థ 2018 నాటికి డెబియన్ టెస్టింగ్ మీద ఆధారపడిన జీలినక్స్‌కు మారి, కొత్త ప్యాకేజీలను చిన్నచిన్న మోతాదుల్లో, పరీక్షిస్తూ, ఎడతెగకుండా తీసుకునే పద్ధతిని ఎంచుకున్నది. మార్పును వాయిదా వేయడం వల్ల దాని మొత్తం తగ్గదు, వడ్డీ పెరుగుతుంది. చిన్న మార్పుతో ఏదైనా చెడితే కారణాన్ని పట్టుకోవడం సులభం, వేయి మార్పులు ఒకేసారి వచ్చినప్పుడు ఏది చెడగొట్టిందో తెలుసుకోవడం దుర్లభం.

స్థిరత్వవాది: గూగుల్‌కు ఆ ప్యాకేజీలను వడగట్టే సొంత ఇంజనీర్ల బృందం ఉన్నది, ఇంట్లో ఒకే ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థికి ఆ బృందం తానొక్కడే. 2021 నవంబరులో లక్షలాది ప్రేక్షకులున్న ఒక కెనడా యూట్యూబర్, ఆటలాడేవారికి అత్యంత సులభమని పేరున్న పాప్ ఓఎస్‌ను ఎక్కించి, స్టీమ్ అనే ఆటల ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేయబోతే, ప్యాకేజీల నడుమ తలెత్తిన ఒక తాత్కాలిక పొరపొచ్చెం కారణంగా డెస్క్‌టాప్ మొత్తం తొలగిపోయింది. హెచ్చరిక రాకపోలేదు, దానికి అంగీకారం తెలిపే వాక్యాన్ని ఆయన పూర్తిగా టైపు చేశాడు కూడా. కానీ కొత్తవాడికి ఆ హెచ్చరిక అర్థం కాదు. తరువాత ఏప్ట్ అనే ప్యాకేజీ నిర్వాహక సాధనాన్నే మార్చి, అటువంటి తొలగింపు అంత సులువుగా జరగకుండా చేశారు. సౌలభ్యం కోసం కట్టిన పైపొర చిరిగిన క్షణంలో, కింద ఉన్న కష్టమంతా ఏ సంసిద్ధతా లేనివాడి మీద పడుతుందనడానికి ఇది నిదర్శనం. స్థిరమైన వ్యవస్థలో ఆ పొర చిరిగే అవకాశమే తక్కువ.

సౌలభ్యవాది: తక్కువే, కాని ఏది చిరుగు, ఏది కాదు అన్నది తేల్చేవారెవరు? తెరమీద తెలుగు సరిగా కనిపించాలంటే గుణింతాలనూ ఒత్తులనూ అక్షరం చుట్టూ అమర్చే హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీ ఒకటి, దానితో పొసగే ఫాంటు ఒకటి కావాలి. అందులో ఒక సంయుక్తాక్షరం చెదిరి కనిపించే లోపం ఉన్నదనీ, దానిని మూల రచయితలు కొత్త వెర్షన్‌లో సరిదిద్దారనీ అనుకుంటే, స్టేబుల్ వాడే తెలుగు పాఠకుడికి ఆ సవరణ ఎప్పుడు చేరుతుంది? నడుమ వచ్చే పాయింట్ రిలీజులలో, అంటే కొన్ని నెలలకొకసారి సవరణలను పోగుచేసి ఇచ్చే చిన్న విడుదలలలో, దానికి చోటు దొరకాలంటే అది తీవ్రమైన బగ్గని విడుదల బృందం ఒప్పుకోవాలి. యంత్రం ఆగిపోదు, సమాచారం పోదు, భద్రతకు భంగం లేదు. కనుక అది తీవ్రమైనది కాకుండా పోతుంది. తన భాషలో చదవలేనివాడికి మాత్రం యంత్రం ఆగిపోవడానికీ దీనికీ ఆట్టే తేడా లేదు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తయారీకి పూనుకున్నప్పుడు ముందుకు వచ్చిన అవసరం ఇటువంటిదే.

స్థిరత్వవాది: ఈ వాదం బలమైనది, స్థిరత్వ పక్షం దీనిని తగినంతగా ఎన్నడూ ఎదుర్కోలేదు. దీనికి ఇవ్వగలిగిన సమాధానం పాక్షికమే: పునాదిని కదపకుండా పైనున్న ప్రోగ్రాములను మాత్రమే కొత్తగా అందించే ఫ్లాట్‌ప్యాక్ వంటి పద్ధతులు వచ్చాయి, అవి ప్రోగ్రామునూ దానికి కావలసిన లైబ్రరీలనూ మూల వ్యవస్థ నుంచి వేరుగా తెస్తాయి. భారతీయ భాషల కోసం సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ డెబియన్ పునాదినే ఎంచుకున్నది. పునాది నిశ్చలంగా ఉంటే భాషా పరికరాల మీద దృష్టి నిలపవచ్చునన్న ఆలోచన అందులో కనిపిస్తుంది.

సౌలభ్యవాది: కేరళ పాఠశాలల కోసం తయారైన ఆపరేటింగ్ సిస్టమ్ ఇటీవలి రూపాలకు ఉబుంటు ఎల్‌టీఎస్ పునాది అన్నది కూడా అంతే నిజం. ఇక ఫెడోరా సిల్వర్‌బ్లూ, నిక్స్ ఓఎస్ వంటివి ఈ వివాదాన్నే దాటిపోవాలని చూస్తున్నాయి: వ్యవస్థ మొత్తాన్ని ఒకే ప్రతిగా ఉంచి, అప్‌డేట్ అంటే ఆ ప్రతిని మరొక ప్రతితో మార్చడమే అయ్యేలా చేసి, చెడితే పాత ప్రతితో యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టే వీలు కల్పించాయి. వెనక్కి తిరిగే దారి ఉన్నప్పుడు ముందుకు వెళ్లడానికి భయం అక్కరలేదు.

స్థిరత్వవాది: నిక్స్ ఓఎస్‌ను వాడాలంటే దానికోసమే తయారైన భాషలో వ్యవస్థ వర్ణనను రాసుకోవాలి; కష్టం మాయం కాలేదు, అప్‌డేట్ రోజు నుంచి మొదటి రోజుకు జరిగింది. డెస్క్‌టాప్ విషయంలో సౌలభ్య పక్షం చెప్పినదానిలో చాలా భాగాన్ని అంగీకరించవచ్చు, కానీ ఎవరూ ఎదుట కూర్చోని సర్వరు విషయంలో ఆ వాదాలకు పట్టు లేదు.

సౌలభ్యవాది: సర్వరు సంగతిలో ఆ మాట ఒప్పుకోదగినదే, గూగుల్ ఉదాహరణ కూడా ఉద్యోగుల యంత్రాలకు సంబంధించినదే. ఒక పాఠశాల ల్యాబులోనో గ్రామ గ్రంథాలయంలోనో ఉన్న యంత్రం ఆ కోవలోకి రాదు. దాని ఎదుట ప్రతి ఏడాదీ కొత్త పిల్లలు కూర్చుంటారు, పాత అలవాటు అన్నదే అక్కడ ఉండదు.

స్థిరత్వవాది: అక్కడే నిర్వహణకు మనిషి కూడా ఉండడు. డెబియన్ 13 విడుదలైనది 2025 ఆగస్టు 9న, దానికి పూర్తి మద్దతు మూడేళ్లు, ఆపైన దీర్ఘకాలిక మద్దతు 2030 వరకు, ఉబుంటు 24.04కు సాధారణ మద్దతు ముగిసేది 2029లో. ఈ రెండింటిలో దేనిని ఎక్కించదలచినవారైనా ఆ గడువు నాడు యంత్రం ముందు కూర్చుని తరువాతి వెర్షన్‌కు మార్చవలసినది ఎవరో ఇన్‌స్టాలేషన్‌కు ముందే నిర్ణయించి, ఆ పేరును ల్యాబు రిజిస్టరులో రాసిపెట్టుకోవాలి.